పంతొమ్మిదో టేకు

మా నాన్న సిటీ బస్సుల డిపోలో మెకానిక్. కొట్టే ముందు చేతి గడియారం విప్పి కిటికీలో పెట్టేవాడు, దానికి దెబ్బ తగలకూడదని. గడియారం విప్పాడంటే మా అమ్మ నన్ను వంటగదిలోకి నెట్టి గుమ్మానికి అడ్డం నిలబడేది. ముందు ఆమెకు పడేవి. ఆమె పక్కకు పడిపోయాక నాకు. అంతా అయ్యాక గడియారం మళ్లీ పెట్టుకుని అన్నం వడ్డించమనేవాడు. కిషన్‌బాగ్‌లో మా వాడకట్టులో ఇదేం వింత కాదు. గోడల అవతల నుంచి కూడా అవే చప్పుళ్లు వినిపించేవి.

ఆదివారం మాత్రం ముగ్గురం ఉతికిన బట్టల్లో చర్చికి వెళ్లేవాళ్లం. అక్కడ మైకులు చూసుకునే మనిషి ఇల్లు మారిపోతే ఆ పని నాకు వచ్చింది. మైకు కీచుమనే ముందే నాకు తెలిసిపోయేది, చెయ్యి దానంతట అది వెళ్లి వాల్యూము తగ్గించేది. పాటల గుంపులోని ఒక పెద్దాయన అది గమనించాడు. "నీకు చెవులున్నయి బిడ్డా. గీ పనే నేర్చుకోరాదు?" అన్నాడు. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. ఆయనే నన్ను హుస్సేనీ ఆలంలో సారు దగ్గరికి తీసుకెళ్లాడు.

సారు ఊరికి అవతలివైపున్న సినిమా స్టూడియోల్లో చాలా ఏళ్లు సౌండు పని చేసి, చివరికి ఎవరితోనూ పడక సొంతంగా ఒక గది పెట్టుకున్న మనిషి. కింద కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. పైన సారు గది. గోడలకు పాత పరుపులు, వాటి మీద తివాచీలు. పొట్టి సినిమాలు, ఇంటర్నెట్లో పెట్టే సినిమాలు తీసే కుర్రాళ్లు వాటికి కావలసిన సంగీతం అక్కడ రికార్డు చేయించుకునేవాళ్లు. కంప్యూటర్లో తయారుచేసిన వాయిద్యాలు సారుకు గిట్టవు. మనిషి వచ్చి, కూర్చుని, వాయించాలి.

ఆయన కొట్టి నేర్పేవాడు. శబ్దం ఎక్కువై మీటరు ముల్లు ఎరుపులోకి పోయిందంటే చేతిలో చుట్టి ఉన్న కేబులు నా వీపు మీద పడేది. "చెవులేడ వెట్టుకున్నవ్‌రా?" అనేవాడు. మీటరు ఎరుపులోకి పోతే శబ్దం తల తెగినట్టే, మళ్లీ అతకదు. సెట్టింగు ఒక్కటి తప్పితే సంగీతం బొమ్మను వదిలేసి జారిపోతుంది. ఏ రోజైనా పని మొదలుపెట్టే ముందు అర నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసుకోవాలి. ఒకసారి రికార్డు నొక్కాక వాయించే మనిషి గదిలో ఉన్నంతసేపు ఆపకూడదు, ఎందుకంటే మంచి ముక్క ఎప్పుడు పడుతుందో దేవుడికి కూడా తెలియదు. ఇవన్నీ నేను వీపుతో నేర్చుకున్నాను. నాకు కోపం రాలేదు. కొట్టకుండా నేర్పుతారని నాకు తెలియదు.

రెండో ఏడు ఒక పని వచ్చింది. మా వాడలోనే పెరిగిన నా దోస్తు ఒకడు పగలు ఆఫీసులో పనిచేస్తూ, సెలవు రోజుల్లో ఒక సినిమా తీశాడు. పాతిక నిమిషాల సినిమా. గల్లీల్లో రెండు గుంపుల కొట్లాట. డైలాగులు తక్కువ, నెత్తురు ఎక్కువ. దానికి పెళ్లి బ్యాండులో వినిపించే క్లారినెట్ కావాలన్నాడు. "కంప్యూటర్‌ది వద్దురా. బారాత్‌ల ఊదుతరు జూడు, గట్ల గొంతు చీరుకుపోయేటట్టు ఉండాలె" అన్నాడు.

మనిషిని వెతికింది నేనే. లాల్‌దర్వాజాలో, గుడి వెనక సందులో ఒక అద్దె గదిలో దొరికాడు. నలభై అయిదేళ్లుంటాయి. బ్యాండు మేళంలో ఇరవై ఏళ్లుగా క్లారినెట్ ఊదుతున్నాడు. సన్నటి మనిషి, ఛాతీ మాత్రం పీపాలా ఉండేది. నన్ను తమ్మీ అని పిలిచేవాడు, నేను అన్నా అనేవాణ్ణి.

మొదటి రోజు ఆయనకు మైకు అంటే భయం. క్లారినెట్ చివర గంటలా విచ్చుకున్న మూతిని మైకుకు ఆనించబోయాడు. అక్కడి నుంచి కాదు అన్నా, శబ్దమంతా వేళ్ల కిందున్న రంధ్రాల నుంచి వస్తుంది అని, మైకును మూర దూరంలో, చేతులకు కాస్త పైన పెట్టాను. రెండు ముక్కలు ఊదాక హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టి వినిపించాను. ఆయన కళ్లు మూసుకోలేదు, మామూలుగా నన్నే చూస్తూ విన్నాడు. అయిపోయాక అన్నాడు:

"గిది నేనేనా తమ్మీ?"

"నువ్వే అన్నా."

"ఇరవై ఏండ్ల సంది డోళ్ల నడుమ ఊదుతున్న. నా ఊపిరి నాకెన్నడు ఇనవడలే."

ఆ రోజూ మర్నాడూ పని బాగా సాగింది. హీరో తల్లి వచ్చే సీను, గల్లీలో తెల్లవారే సీను, ఆయన లాప్‌టాప్‌లో బొమ్మ ఒక్కసారి చూసి ఊదేసేవాడు. ఆయనకు నొటేషను రాదు. బొమ్మలో మనిషి తల తిప్పేసరికి ఆయన స్వరం కూడా తిరిగేది. సారు పక్కన కూర్చుని విని, కేబులు గోడకు తగిలించాడు. సారు దగ్గర అంతకన్నా పెద్ద మెప్పు లేదు. మూడో రోజు ఏదో పని మీద బయటికి వెళుతూ గది తాళం నాకిచ్చాడు. అంతకు ముందెన్నడూ ఇవ్వలేదు.

మూడో రోజు కొట్లాట సీను.

మే నెల. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను ఆపేశాం. కిటికీలు మూసేశాం. పరుపుల గోడల మధ్య పొయ్యిలో కూర్చున్నట్టుంది. సీనులో నలుగురు కలిసి ఒకణ్ణి గోడకు ఆనించి మొహం మీద కొడతారు. నిమిషం పది సెకన్లు. ఆ నిమిషమంతా క్లారినెట్ ఒకే ఊపులో పైకి పోవాలని దోస్తు పట్టు. ప్రతి టేకుకూ సీను మొదటి నుంచి నడిపించాలి. ప్రతిసారీ ఆ మొహం మళ్లీ బాగై వచ్చేది, మళ్లీ పగిలేది.

ఏడో టేకుకే ఆయన పెదవులు ఉబ్బాయి. పన్నెండో టేకులో ఆయన ఊదింది ఇప్పటికీ నాకు గుర్తుంది, అదే మంచిది. దోస్తు ఒప్పుకోలేదు. "మస్తు మెత్తగుంది. నొప్పి లేదు దాంట్ల" అన్నాడు. పదిహేను. పదహారు. నాకు సారు లేని మొదటి రోజు. పని పూర్తి చేసి చూపించాలి. చెమట హెడ్‌ఫోన్ల లోపలికి కారుతోంది. పద్దెనిమిదో టేకు సగంలో ఆయన ఊపిరి తెగింది, ఆయన చెవుల హెడ్‌ఫోన్ల తీగ ఊడిపోయింది. లాప్‌టాప్‌లో సీను మాత్రం ఆగకుండా బయటికి వినిపిస్తూనే ఉంది, కేకలు, దెబ్బలు. దోస్తు అరుస్తున్నాడు. నేను హెడ్‌ఫోన్లు లాగి పారేసి లేచాను.

ఆయన క్లారినెట్ మళ్లీ పెదవుల దాకా తెచ్చుకుని ఏదో అన్నాడు. నన్ను తిట్టాడు. మా అమ్మను తిట్టాడు. అలాగని నేను విన్నాను.

చెయ్యి తిప్పి కొట్టాను. వాయిద్యం నోట్లో ఉంది. నా చెయ్యి దాని పక్కన తగిలి, నోట్లో ఉన్న మొన పైకి ఎగదన్నింది. టక్కుమని చిన్న చప్పుడు, పచ్చి బీరకాయ విరిచినట్టు. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పైపెదవి చీలిపోయింది. ముందు పన్ను ఒకటి సగానికి విరిగి తివాచీ మీద పడింది. నెత్తురు క్లారినెట్ నల్ల కర్ర మీదుగా, వెండి మీటల మీదుగా కారింది. నేను ఇంకో దెబ్బకు చెయ్యి ఎత్తి ఉన్నాను. దోస్తు నడుం పట్టి లాగకపోతే కొట్టేవాణ్ణే. ఇది దాచి రాయలేను. నాకు ఆ క్షణంలో మంచిగా ఉంది.

ఆయన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది దోస్తే. నేను మెట్ల మీద కూర్చున్నాను. సాయంత్రం సారు వచ్చి తివాచీ మీద మరక చూశాడు.

"ఏంది గిది?"

చెప్పాను. అమ్మను తిట్టిండు సార్, అందుకే కొట్టిన అన్నాను. సారు కేబులు వైపు కూడా చూడలేదు. కంప్యూటరు దగ్గరికి వెళ్లి, ఇంకా నడుస్తున్న రికార్డింగును ఆపి, ఫైలు భద్రం చేశాడు.

"ఇన్నవా?"

"లేదు సార్."

"ఇను."

నేను వినలేదు. నాకు తెలిసిందే కదా అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మా గల్లీ మలుపులోనే బ్యాండు వాళ్లు నలుగురు నన్ను పట్టుకున్నారు. బండి మీద నుంచి కాలరు పట్టి కిందికి లాగారు. ఒకడి చేతిలో పెద్ద డోలు కొట్టే లావుపాటి కర్ర ఉంది. పక్కటెముకల మీద దానితో మూడు దెబ్బలు వేశాడు. మిగతావాళ్లు చెప్పుల కాళ్లతో తన్నారు. "నోటితోని బతికే మనిషిరా వాడు. నోటి మీదనా కొడ్తవ్?" అని ఒక్కటే మాట మళ్లీ మళ్లీ అన్నారు. ఎవరో దుకాణం వాళ్లు వచ్చి విడిపించారు. ఎముక ఒకటి చిట్లింది. నెల రోజులు ఊపిరి తీసుకుంటే పోటు.

ఇంట్లో మా నాన్న జరిగిందంతా అడిగాడు. చెప్పాను. ఆయన నా మంచం పక్కన కూర్చుని, జీవితంలో మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచిపని చేసినవ్. అమ్మను తిడితే ఊకుంటమా?"

అమ్మ పసుపు నూరి తెస్తోంది. గుమ్మంలో ఆగింది.

"నన్ను ఈ ఇంట్ల తిట్టనోడెవడు?" అంది. గిన్నె నా పక్కన పెట్టి వెళ్లిపోయింది. నాన్న నవ్వేశాడు. నేనూ నవ్వబోయాను, పక్క పోటెత్తింది.

పదిరోజులకు సారు గదికి మళ్లీ వెళ్లాను. అరగంట కాలేదు, మెట్లెక్కి ఒకామె వచ్చింది. క్లారినెట్ అన్న భార్య. లాల్‌దర్వాజా ఇంట్లో నాకు చాయ్ ఇచ్చిన మనిషే. లోపలికి వస్తూనే కాలి చెప్పు తీసి నా మొహం మీద కొట్టింది. ఒకటి, రెండు, ఎన్నో లెక్క తెలియదు. చేతులు అడ్డం పెట్టుకోవాలనిపించలేదు. ఆమె ఆయాసంతో ఆగాక సారు వైపు తిరిగింది.

"సారూ, మా ఆయన ఊదిందంత నాకియ్యాలె. మీ సినిమాల ఒక్క ముక్క ఉండొద్దు. అది ఆయన ఊపిరి. మీకేం హక్కుంది?"

"హక్కు లేదమ్మా" అన్నాడు సారు.

"ఆయన నోరు మంచిది కాదని నాకెర్కనే. పది రోజుల సంది తిడుతనే ఉన్న. పరాయి పోరని తల్లిని తిట్టుడేంది, గీ వయసుల? కానీ అంతమాత్రాన పన్ను ఇరగ్గొడ్తరా?"

సారు నన్ను చూశాడు. ఆయన ఆ ఫైలు విన్నాడని అప్పుడు అర్థమైంది. ముందే విని, పది రోజులుగా ఊరుకున్నాడు. లాప్‌టాప్, ఒక చిన్న స్పీకరు నా చేతిలో పెట్టి అన్నాడు:

"తీస్కపో. వాళ్లింట్ల కూసోని అంత ఇనిపియ్యి. ఒక్క సెకను కొయ్యకు. ముందు నువ్వొక్కనివి కూడ ఇనకు."

ఆమె ముందు నడిచింది, నేను వెనక నడిచాను. హుస్సేనీ ఆలం నుంచి లాల్‌దర్వాజా దాకా అలాగే వెళ్లాం.

ఆయన గచ్చు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదవికి కుట్లు. ఒక పక్కగా స్టీలు గ్లాసుతో జావ తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టి లేవబోయాడు, మర్యాదకు. వద్దన్నాను. స్పీకరు ఆయన ముందు పెట్టి మూడో రోజు ఫైలు నడిపించాను.

ముందు ఖాళీ గది. తర్వాత ఒక్కో టేకు. ఆమె పీట మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పన్నెండో టేకు వచ్చినప్పుడు ఆయన వేళ్లు మోకాలి మీద కదిలాయి. గంటకు పైగా విన్నాం. పద్దెనిమిదో టేకులో ఊపిరి తెగింది. దోస్తు అరుపు. సీనులోని కేకలు. వాటన్నిటి వెనక ఆయన గొంతు, మైకుకు మూర దూరంలో, స్పష్టంగా:

"జరంత ఊపిరి తీస్కోని తమ్మీ. తీస్కొని ఊదుత. ఇంకోటి ఊదుత."

దాని వెంటనే ఇంకో గొంతు. "నీ అమ్మ... ఊదుతవా సస్తవా?" ఆ గొంతు ఎవరిదో రెండు సెకన్ల పాటు నాకు తెలియలేదు. మా నాన్న అక్కడెందుకున్నాడు అనుకున్నాను. అది నాది.

తర్వాత టక్కుమన్న చప్పుడు. కుర్చీ పడింది. తర్వాత ఆయన, నెత్తురు నిండిన నోటితో, ముద్దగా: "క్లారినెట్ ఇరిగిందా? అది మేళమోళ్లది." ఆ మాట నాకసలు గుర్తే లేదు. దాని తర్వాత నేను దోస్తుతో అంటున్నాను, గట్టిగా, ఏడుపు గొంతుతో: "వీడు మా అమ్మను తిట్టిండ్రా! ఇన్నవుగద? మా అమ్మను తిట్టిండు!" ఆ రోజు తర్వాత దోస్తు, తను కూడా ఆయన తిట్టడం విన్నానని నాతో చెప్పాడు. స్పీకరులో మాత్రం వాడి మౌనమే ఉంది.

నేను చెయ్యి చాచి ఆపబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. తలుపు చప్పుడు, ఆటో కోసం కేకలు, తర్వాత చాలాసేపు ఖాళీ గది. అందులో మెట్ల మీద కూర్చున్న నేను దగ్గడం కూడా వినిపించింది.

ఆమె లేచి భర్త ముందుకొచ్చి కూర్చుంది. "నువ్వు తిట్టలేదా?" అంది. "మరెందుకు చెప్పలే? పది రోజుల సంది నేను గంతగనం తిడుతుంటె ఎందుకు నోరు మూస్కున్నవ్?"

ఆయన కుట్ల వల్ల మెల్లగా మాట్లాడాడు.

"నాకూ యాద్ లేదు. అందరు తిట్టినవ్ తిట్టినవ్ అంటుంటె, తిట్టిననేమో అనుకున్న. గంత దెబ్బ ఊకెనే ఎట్ల కొడ్తడు? ఏమో అనే ఉంట అనుకున్న."

ఆ మాట విన్నాక నేను ముందుకు వంగాను. ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు, కోపంతో కాదు, ఉలికిపడి. నేను చెయ్యి చాపితే ఆయన ఉలికిపడతాడని అప్పుడు చూశాను. ఆమె మాత్రం నన్ను లేపి వాకిట్లోకి తెచ్చింది.

"నువ్వు తిట్టినవని బ్యాండోళ్లకు జెప్పు. మీ ఇంట్ల జెప్పు. ఎవలెవలకు అబద్ధం జెప్పినవో అందరికి జెప్పు. అప్పుడు రా."

చెప్పాను. బ్యాండు దుకాణం ముందు నలుగురి మధ్య నిలబడి చెప్పాను. డోలు కర్రతో కొట్టినవాడు విని, ఉమ్మేసి లోపలికి పోయాడు. దోస్తుకు చెప్పాను. వాడు లాప్‌టాప్ మూత మూసి, "అయ్యిందేదో అయ్యింది, మొదటి రెండు రోజులదన్న వాడుకుందాం" అన్నాడు. ఇవ్వనన్నాను. ఆయన ఊదిన ఫైళ్లన్నీ ఒక డిస్కులో ఎక్కించి ఆమె చేతికిచ్చాను, మా గదిలో ఉన్నవి తుడిచేశాను. వాడితో స్నేహం అక్కడితో పోయింది. సినిమా కంప్యూటర్ క్లారినెట్‌తోనే వచ్చింది. చూసినవాళ్లెవరికీ తేడా తెలియలేదు.

నాన్నకు అన్నం తింటున్నప్పుడు చెప్పాను. తిట్టింది నేనే, నీ మాటే నా నోట్లోంచి వచ్చింది అన్నాను. ఆయన ముద్ద కిందపెట్టి గడియారం మీద చెయ్యి వేశాడు. నేను కదల్లేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. ఆయన కాసేపు ఆ పట్టీని అలాగే పట్టుకుని, వదిలేసి, చారు వేయమన్నాడు. ఆ తర్వాత ఆయన మారాడని చెప్పను. ఆ రోజు మాత్రం కొట్టలేదు.

పన్ను కట్టించడానికి దవాఖానకు నాలుగుసార్లు క్లారినెట్ అన్నతో వెళ్లాను. పెట్టుడు పన్ను వచ్చింది గానీ పాత పట్టు రాలేదు. క్లారినెట్ మొనను పైపళ్లతో అదిమి పట్టాలి. ఆయనకది జివ్వుమనేది. ఆ ఏడు బోనాలకు మేళంలో తాళాలు కొడుతూ నడిచాడు. పన్ను మొనకు తగలకుండా పై పెదవిని కూడా పళ్ల మీదికి మడిచి, కొత్తగా, మొదటిరోజు నేర్చుకునేవాడిలా ఇంట్లో ఊదడం మొదలుపెట్టాడని ఆమె చెప్పింది. మరుసటి ఏడు పెళ్లిళ్లకు మళ్లీ ఊదాడు. శబ్దం సన్నబడింది. పైకి పోయే చోట అంచు బొంగురుపోతుంది.

సారు గది ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. కేబులుతో ఎవరినీ కొట్టలేదు. ఒకసారి మాత్రం ఒక కుర్రాడు మైకు పడేస్తే చెయ్యి లేచింది, దాన్ని రెండో చేత్తో పట్టుకుని బయటికి వెళ్లిపోయాను.

ఒక పెళ్లి ఊరేగింపు దగ్గర క్లారినెట్ అన్న కనిపించాడు. గుర్రం ఇంకా రాలేదు, మేళం వాళ్లు నిలబడి ఉన్నారు. అడగకూడదని తెలిసీ అడిగాను.

"అన్నా, ఒక్కసారి రావా? సినిమాకు కాదు. ఊకె, నీకోసం. ఎంతసేపంటె అంతసేపే."

ఆయన క్లారినెట్ తుడుచుకుంటూ ఆలోచించాడు.

"నీ మీద కోపం లేదు తమ్మీ. మైకు ముందల కూసుంటె నోరు అదురుతది. నువ్వుంటె ఇంకింత అదురుతది. నేనేం జేత్తు?"

అంతలో గుర్రం వచ్చింది. డోళ్లు మొదలయ్యాయి. ఆయన వరుసలోకి వెళ్లి పెదవి మడిచి ఊదడం మొదలుపెట్టాడు. ఆ డోళ్ల మధ్య నాకు ఆయన శబ్దం విడిగా వినిపించలేదు.